ఓబులేసన్న బంగారం: బెజవాడ నుంచి కంకిపాడు దాకా

మా అనంతపురం వాళ్ళు బెజవాడ వెళ్ళేది రెండే పనులకు. దుర్గమ్మ దర్శనానికి, లేకపోతే రైలు మారడానికి. నేను మూడో పని మీద వెళ్ళాను. ఏడేళ్ళ క్రితం మా అన్నకు చెప్పిన ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి.

తిరిగొచ్చి మూడు వారాలైంది. కాలేజీలో తోటివాళ్ళు ఊరెలా ఉంది, తిండెలా ఉంది అని అడుగుతున్నారు. అవీ చెబుతాను. కాని ఆ అబద్ధం సంగతి ముందు చెప్పకపోతే తక్కినదేదీ అర్థం కాదు.

మా నాయన పోయాక నన్ను చదివించింది మా అన్న ఓబులేసు. పెళ్ళి మాట ఎత్తితే "వాని చదువు కానీ" అనేవాడు. నా చదువు అయింది, నాకు కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం వచ్చింది, ఆయనకు మాత్రం పెళ్ళి ఈడు దాటిపోయింది. సాయంత్రాలు భజన మందిరంలో గడిపేవాడు. అక్కడే ఎవరో బైరాగి ఒక రాతప్రతి ఇచ్చి పోయాడు. నిండా పద్యాలు. పాదరసం శివుడి తేజస్సట, గంధకం పార్వతట, ఇద్దరికీ నిప్పుల మీద పెళ్ళి చేస్తే రాగి బంగారమవుతుందట. మా సీమలో ఇలాంటి పద్యాలు బండి తోలేవాడి నోట కూడా వినబడతాయి. గురువు చెయ్యి తగిలితే మూర్ఖుడు జ్ఞాని అవుతాడని చెప్పడానికి మన కవులందరూ పరుసవేదినే తెచ్చుకున్నారు. ఇనుమంటే మనిషి, బంగారమంటే మంచి మనిషి అని చదివేవాడు గ్రహించుకోవాలి. మా అన్న గ్రహించుకోలేదు. మూకుడు పొయ్యి మీద పెట్టాడు.

ఒకరోజు కాలేజీలో పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష జరుగుతుంటే, వక్కల డబ్బాలో పచ్చగా మెరిసే ముక్కొకటి వేసుకొని వచ్చాడు. "పరీక్ష చేసి చెప్పురా" అన్నాడు. ముప్పైమంది పిల్లలు, గదినిండా పొగ, పక్కన ఎగ్జామినరు. ముక్కలోంచి కాస్త గీకి ఆసిడ్‌లో వేశాను. మొత్తం కరిగి నీలం నీళ్ళయింది. బంగారమైతే అడుగున మిగలాలి. నలక కూడా మిగల్లేదు. అన్న గాజు గొట్టం వైపు చూడలేదు, నా మొహం వైపు చూస్తున్నాడు. బంగారం లేదంటే ఎందుకు లేదని కూర్చుంటాడు. త్వరగా పంపేద్దామని "కొంచెం ఉన్నట్టుందన్నా" అన్నాను. పిల్లలందరి ముందూ నన్ను కౌగిలించుకున్నాడు. నెల తిరగకుండా తన రెండెకరాలూ అమ్మేసి ఎటో వెళ్ళిపోయాడు.

ఏడేళ్ళ తర్వాత ఈ జూలైలో బెజవాడ నుంచి వీరాచారి అనే కంసాలి కార్డు రాశాడు. మీ అన్నగారు ఆర్నెల్లకోసారి ఒక ముక్క తెస్తున్నారు, గీటు పెట్టి లేదని చెబుతున్నాను, అనంతపురం కాలేజీలో మా తమ్ముడు ఉందన్నాడు అంటున్నారు, మనిషి బాగా చిక్కిపోయారు, తమరు ఒక్కసారి వచ్చి చెప్పి పుణ్యం కట్టుకోండి అని. ముఖం తెలియని మనిషి కార్డు ముక్క కొని రాసిన ఆ నాలుగు మాటలు చదివి నాకు సిగ్గేసింది.

బెజవాడ

ఎమర్జెన్సీ వచ్చాక రైళ్ళు వేళకు నడుస్తున్నాయని అందరూ చెప్పుకుంటున్నారు. మా బండికి ఆ కబురు అందినట్టు లేదు, మూడు గంటలు ఆలస్యంగా చేరింది. దిగుతూ సంచి ఎత్తితే అడుగు ఊడి చేతిలోకి వచ్చింది. అన్న కళ్ళ ముందే పరీక్ష చేసి చూపిద్దామని చిన్న సీసాలో ఆసిడ్ తెచ్చాను. బిరడా వదులై దారంతా కారింది. రెండు పంచెలు, తువ్వాలు, టిఫిన్‌కని మా ఆవిడ కట్టిన జొన్నరొట్టెలు, అన్నీ పోయాయి. కెమిస్ట్రీ చెప్పేవాడు ఆసిడ్ సీసాకు మూత పెట్టడం చేతగాక నడిబజారులో నిలబడితే నవ్వనివాడెవడు? రిక్షా అతను నవ్వలేదు. "అయ్యయ్యో, చెయ్యి కాల్చుకున్నారేమోనండీ, కుళాయి దగ్గర కడుక్కోండి" అన్నాడు. ఈ ఊళ్ళో రిక్షావాడికీ జడ్జీగారికీ ఒకే 'అండీ' అని తర్వాత తెలిసింది. మా వైపు ఎంత గౌరవమున్నా 'అప్పా' దగ్గరే ఆగుతుంది.

స్టేషను ఎదుట హోటల్లో ప్లేటు ఇడ్లీ ముప్పై పైసలు. అల్లం పచ్చడి ఇచ్చారు. తియ్యగా ఉందనుకొని ఇంకాస్త వేయించుకున్నాను, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మధ్యాహ్నం భోజనం రెండు రూపాయలు, అన్నానికి లెక్క లేదు. మా ఇళ్ళలో వరన్నం పండగనాటి మాట. ఇక్కడ పూటపూటా అదే తిని, ఇంకొంచెం వేసుకోండని బతిమాలతారు. నీళ్ళు మాత్రం చూసి కడుపు మండింది. బ్యారేజీ దగ్గర మూడు కాలువలూ ఒడ్లు ఒరుసుకుంటూ పోతున్నాయి, ఎవరూ ఆగి చూడనైనా చూడరు.

వన్‌టౌన్‌లో కంసాలుల సందు మనిషి భుజం పట్టేంత వెడల్పు. వీరాచారి గారికి అరవై ఉంటాయి. అరవైమూడులో బంగారం మీద కొత్త చట్టం వచ్చినప్పుడు కుంపటి ఆర్పేసి మూడేళ్ళు సోడాలు అమ్మానని నవ్వుతూ చెప్పాడు. కాఫీ తెప్పించి, నల్లటి గీటురాయి చూపించాడు. ఒక మూల మా అన్న తెచ్చిన ముక్కల గీతలు చెరపకుండా ఉంచాడు. పదమూడు.

"మీ అన్నగారు గీటు చూడరండి, నా మొహం చూస్తారు" అన్నాడు. "లేదు బాబూ అంటాను. నవ్వి, దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. ఏడిస్తే ఓదార్చొచ్చండి. నవ్వేవాళ్ళని ఏం చేస్తాం?"

"మీరు చెప్తే ఎందుకు నమ్మడు?"

"అది నాకూ తెలీదండి. మైలవరం అవతల కొండ పక్కన స్వామి ఒకాయన దగ్గర ఉంటున్నాననేవారు. మీరు చెప్తే నమ్ముతారండి. మీరు చెప్పిన మాట మీదే కదా ఇన్నాళ్ళూ ఉన్నారు."

ఆ మాటే నాకు ధైర్యమిచ్చింది. ఒక్క మాటతో పోయిన మనిషి ఒక్క మాటతో తిరిగి రాడా అనుకున్నాను. ఆ సాయంత్రం కొత్త పంచె కొనుక్కున్నాను, అన్నకు కూడా ఒకటి కొన్నాను.

మైలవరం

మైలవరం బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ తట్టలో ఆఖరుకాపు మామిడిపళ్ళు ఉన్నాయి. ఎవరింటికని అడిగింది. మా అన్నను చూడబోతున్నానంటే "వట్టి చేతుల్తో ఏం వెళ్తారండీ" అని రెండు పళ్ళు నా ఒళ్ళో పడేసింది. డబ్బులిస్తే కోపం తెచ్చుకుంది. ఇటు నేల డెల్టాలా లేదు. గుట్టలు, తుప్పలు, ఎర్రమట్టి. మా ఊరు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

ఆశ్రమమంటే తాటాకు పాక. మూడువైపులా గోడ, నాలుగోవైపు పొయ్యిల వరస. ఒక మూల పాదరసాన్ని గట్టిపరిచి చేశామనే లింగం, దాని మీద మారేడు దళం. లోపల సుబ్బయ్య అనే వృద్ధుడు ఒక్కడే ఉన్నాడు. స్వామి శ్రీశైలం వెళ్ళి ఏడాదైందట. వస్తారని ఈయన పొయ్యి ఆరకుండా చూస్తున్నాడు. నోట్లో పళ్ళు లేవు, చేతులు రెండూ వణుకుతున్నాయి. పాదరసం పొగ పీల్చినవాళ్ళకు అలాగే అవుతుందని పుస్తకంలో చదివి పిల్లలకు చెబుతుంటాను. మనిషిలో చూడటం అదే మొదలు.

నా పేరు చెప్పాను. సుబ్బయ్య లేచి, అంత పెద్దవాడు, నా కాళ్ళ మీద పడ్డాడు.

"తమరేనా బాబూ తమ్ముడుగారు! తమరి మాట మీదే కదండీ మేం నలుగురం ఉండిపోయాం. లేకపోతే ఎప్పుడో ఇళ్ళకి పోయేవాళ్ళం."

అంతదాకా నేను చెప్పిన అబద్ధం ఒక్క ఇంటి దీపమే ఆర్పిందనుకున్నాను.

ఆయన నన్ను కూర్చోబెట్టి గోంగూర పచ్చడితో అన్నం పెట్టి, వివరంగా చెప్పాడు. పాదరసానికి పద్దెనిమిది సంస్కారాలు. పుట్టిన బిడ్డకు చేసినట్టే స్నానం, మర్దన, ఆపైన ఉపవాసం. ఒక్కొక్కదానికీ మంత్రం, తిథి. చివరి సంస్కారమైన తర్వాత దాన్ని పరీక్షించేవాడికి బంగారం మీద ఆశ ఉండకూడదు. ఆశ ఉన్నవాడి కంటికి రసం తన రూపు దాచుకుంటుందని స్వామి చెప్పారట.

"మరి బెజవాడ ఆచారి లేదంటున్నాడే" అన్నాను.

"కంసాలి కదండీ, బంగారమంటే ఆశ లేకుండా ఎలా ఉంటుంది? అతని రాతి మీద పడదు. తమరు కాలేజీలో చూసినప్పుడు తమరికి ఆశ లేదు. అందుకే తమరికి కనపడింది."

ఎంత తిరుగులేని లెక్క! లేదన్నవాళ్ళందరూ ఆశపోతులు. ఉందన్నవాడొక్కడే స్వచ్ఛమైనవాడు. అక్కడే ఆ క్షణమే నిజం చెప్పాల్సింది. ఆయన పెట్టిన అన్నం ఇంకా చేతికి అంటుకొని ఉంది, నోరు రాలేదు. పిరికితనం తప్ప దానికి వేరే పేరు లేదు. మా అన్న నాలుగు నెలలుగా ఇక్కడ లేడనీ, జబ్బు చేస్తే ఇంతకుముందు ఈ ఊళ్ళో పనిచేసిన దానం మాస్టారు కంకిపాడు వైపు తన ఇంటికి తీసుకెళ్ళాడనీ సుబ్బయ్యే చెప్పాడు. నన్ను బస్సు దాకా దిగబెట్టి, బస్సు కదిలేదాకా చేతులు జోడించి నిలబడ్డాడు. నేను అటువైపు చూడలేకపోయాను.

కంకిపాడు, ఆదివారం

బెంజ్ సర్కిల్ దాటాక బందరు రోడ్డు పక్కనే కాలువ, దాని పక్కన పొలం, మళ్ళీ కాలువ. నారుమళ్ళు కంటికి గుచ్చుకునేంత పచ్చన. మోకాలిలోతు బురదలో ఆడవాళ్ళు పాటలు పాడుతూ నాట్లు వేస్తున్నారు. మా వైపు నాటేముందు ఆకాశం వైపు చూస్తారు. వీళ్ళు కాలువ లాకు వైపు చూస్తారు.

దానం మాస్టారి ఇల్లు కంకిపాడు దాటాక కాలువగట్టు మీద. ఆయన ప్రాథమిక పాఠశాలలో టీచరు. నేను వెళ్ళేసరికి అందరూ చర్చి నుంచి వస్తున్నారు. మాస్టారు తెల్లపంచెలో, ఆయన భార్య రూతమ్మ తలమీద కొంగుతో, వాళ్ళ వెనక కర్ర పట్టుకొని మా అన్న. చర్చి గుమ్మం బయట వేపచెట్టు కింద కూర్చొని పాటలు వింటాడట, లోపలికి వెళ్ళడట. నాకంటే ఎనిమిదేళ్ళే పెద్ద. మా తాతలా ఉన్నాడు.

"ఎప్పుడొచ్చినావురా? తిన్నావా?" అన్నాడు, నిన్ననే ఊరికి పోయి వచ్చినట్టు. వెంటనే రూతమ్మ వైపు తిరిగి "మా తమ్ముడండీ. కాలేజీలో చెప్తాడండీ" అన్నాడు. మా అన్న నోట 'అండీ' వినడం నాకదే మొదలు. ఏడేళ్ళు ఎంత దూరమో అప్పుడు తెలిసింది.

ఆదివారం కాబట్టి కోడికూర వండారు. అన్నకు మాత్రం చిగుళ్ళు వాచి ఉన్నందువల్ల మెత్తటి పెరుగన్నం. రూతమ్మ ఆయనకు గ్లాసులో సగమే నీళ్ళు పోస్తుంది, నిండుగా పోస్తే వణుకులో ఒలికి ఆయన సిగ్గుపడతాడని. ఆయన తాగాక మళ్ళీ సగం పోస్తుంది. రక్తసంబంధం లేని మనిషి నేర్చుకున్న ఆ సంగతి తోడబుట్టిన నాకు తెలియదు.

భోజనాలయ్యాక మాస్టారు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు.

"డాక్టరుగారు ఖచ్చితంగా చెప్పారండీ. పాదరసం పొగ మానేస్తే మనిషి నిలబడతాడు, మానకపోతే ఏడాది కష్టం అన్నారు. రెండుసార్లు సామానంతా కాలువలో పడేశాను. మళ్ళీ బెజవాడ వెళ్ళి తెచ్చుకున్నారు. కట్టేసి ఉంచలేం కదండీ."

"మీకు ఇంత శ్రమ ఎందుకు మాస్టారూ?"

"జబ్బు మనిషిని రోడ్డు మీద వదిలేసి ఆదివారం చర్చిలో ఏ మొహంతో నిలబడనండీ? నిప్పులో వేసిన బంగారం గురించి మా అయ్యగారు ప్రసంగంలో చెప్పారు ఒకసారి. మీ అన్నగారు బయటి నుంచి విని, పరుగున వచ్చి, ఎన్ని పుటాలు వేయాలో అడగమన్నారు." నవ్వబోయి ఆగిపోయాడు. "మీరు చెప్పండి. మీ మాట వింటారు."

అన్నిచోట్లా అదే మాట. నా మాట వింటాడు.

సోమవారం, కాలువగట్టు

తెల్లవారాక ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. బస్సులో ఇచ్చిన మామిడిపండు పిసికి రసం చేసి ఇస్తే కొద్దికొద్దిగా తాగాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. నేను వాయిదా వేయకుండా చెప్పేశాను.

"అన్నా, ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం. దాంట్లో బంగారం లేదు. అంతా కరిగిపాయె. నలక గూడా మిగల్లేదు."

"ఊ" అన్నాడు, నీళ్ళవైపు చూస్తూ.

"పిల్లోల్లకు పరీక్ష జరుగుతాండె. నువ్వు తొందరగా పోవల్లని అట్ల చెప్తి."

"తెలుసురా."

"ఏం తెలుసు?"

"ఆ పొద్దు నీకు నా మీద గాని, ఆ ముక్క మీద గాని ఏ ఆశా లేదు. వీడు ఎప్పుడు పోతాడా అని చూస్తాంటివి. నీ మొగంలో కనపడె. అందుకే నమ్మినా."

"అది అబద్ధమంటాండా గదన్నా!"

అన్న నా వైపు తిరిగాడు. కోపం లేదు. చిన్నప్పుడు లెక్క తప్పితే సరిచేసేవాడు, అలాంటి గొంతు.

"ఇప్పుడు నీకు ఆశ ఉండాది. నన్ను ఇంటికి పిల్చుకోని పోవల్ల, నేను బతకల్ల అని. కండ్లల్లో నీళ్ళు గూడా ఉండాయి చూడు. ఆశ ఉన్నోని మాట దీనికి పనికిరాదురా. ఆచారి మాటా అంతే, నీ మాటా అంతే."

నేను ఆయన్ను పట్టించుకోని రోజు ఆడిన అబద్ధం ఆయనకు వేదమైంది. ఆయన కోసం గుండె తరుక్కుపోతూ చెప్పిన నిజం గాలికి పోయింది. అరిచాను. నీ స్వామి దొంగ అన్నాను, సుబ్బయ్య పళ్ళు ఊడిపోయాయి చూడు, నీ చేతులు చూడు అన్నాను. గట్టు మీద పోయే రైతులు ఆగి చూశారు. చివరికి ఏడ్చాను. నేను ఏడ్చినకొద్దీ ఆయన చెప్పిందే నిజమవుతోందని తెలిసీ ఆపుకోలేకపోయాను. అన్న వణుకుతున్న చేత్తో నా వీపు నిమిరాడు.

"ఆ ఆశ పోయినాక రా. అప్పుడు చెప్పు, వింటా" అన్నాడు.

ఆయన మీద నాకు ఆశ పోవడమంటే ఏమిటో ఆయనకు తెలియదా? తెలిసే అన్నాడేమో. ఇంటికి రమ్మని ఇంకా రెండుసార్లు అడిగాను. "అయిపోవచ్చిందిరా, ఇంకొంచెం" అన్నాడు. మధ్యాహ్నం బస్సుకు బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, నా జేబులో చిల్లర ఉందో లేదో తడిమి చూసి, గొడ్ల పాకలో పని ఉందని వెనక్కి వెళ్ళాడు.

మాస్టారు బడికి వెళ్ళాడు. రూతమ్మ పెరుగన్నం మూట పట్టుకొని బస్సు ఆగే చోటికి నాతో నడిచింది. ఇంటికీ అక్కడికీ పిలుపు దూరమే. బస్సు దూరంగా కనిపించాక అడిగింది.

"కోపం తెచ్చుకోకండి, అడుగుతానంతే. అప్పుడు లేదని చెప్పేసుంటే, ఏడ్చి ఊరుకునేవారు కదండీ?"

"అవునమ్మా."

"పోనీ అబద్ధమే ఆడాలనుకుంటే, అంతా బంగారమేనని చెప్పినా బాగుండేది. సాధించేశానని సంతోషపడి పొయ్యి ఆర్పేసేవారు. మీరు కొంచెం ఉందన్నారు చూడండి. ఆ కొంచెమేనండీ ఆయన్ని వదల్లేదు."

ఆమె దెప్పడానికి అనలేదు. నాలుగు నెలలు ఆ మనిషికి సేవ చేసి, తనకు తోచింది చెప్పింది. బస్సు ఆగింది. మూట నా చేతిలో పెట్టింది.

బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. రూతమ్మ ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉంది. మాస్టారి ఇంటి వెనక, గొడ్ల పాక మీదుగా పొగ లేస్తోంది. అది వంటపొగ కాదు. ఆ ఇంట్లో వంట చేసే మనిషి నాకు చెయ్యి ఊపుతోంది.